నిదానము, ఔషధము: డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

ఔషధము గొప్పదా, నిదానము గొప్పదా యను ప్రశ్న మన వైద్యశాస్త్రమునకు క్రొత్తది కాదు. ముందు రోగమును పరీక్షింపుము, పిదప మందు నాలోచింపుమని మన పూర్వు లెన్నడో నిర్ణయించిరి. అయినను లోకము మందు కనిపెట్టినవానిని పూజించును. రోగమును గుర్తించు మార్గము చూపినవానిని మఱచును. ఏటేట జనవరి 12 వ తేదీన ఆంధ్రులు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరించునపుడును ఇదే జరుగుచున్నది. వారిని గొప్పమందుల నిర్మాతగా కొనియాడుచున్నాము. అది సత్యమే. కాని వారు మొదట కొలతల నేర్పరి. పిమ్మటనే మందుల నిర్మాత. ఆ మొదటి పనియే లేకున్నచో రెండవ పని నెఱవేఱియుండెడిది కాదు. రక్తమునకు వచ్చు రాచపుండు విషయమున నీ సత్యము తేటతెల్లమగును. కావున వారి జీవితము నీ దృష్టితో నొకమారు పరిశీలింపవలెనని మా యుద్దేశము.

సుబ్బారావుగారు 1895 వ సంవత్సరము జనవరి 12 వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. కుటుంబము పెద్దది, రాబడి చిన్నది. బాల్యమున వారి బుద్ధి చదువుపై నిలువలేదు. పదుమూడవ యేట కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని యిల్లు విడిచి బయలుదేరిరి. పెద్దలు పట్టుకొని వెనుకకు తెచ్చిరి. రాజమహేంద్రవరమున చదువు సాగినది. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పిరి. మూడవమారు మదరాసు హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. పరీక్ష తప్పిన కుఱ్ఱవానిని పనికిమాలినవానిగా నెంచు తల్లిదండ్రు లీ సంగతిని గుర్తుంచుకొందురుగాక.

రాజమహేంద్రవరమునుండి మదరాసునకు పోవు రైలుమార్గము నెల్లూరుసీమలో మా బోగోలు చెంతనే, బిట్రగుంట మీదుగా పోవును. ఆ దినములలో గోదావరీతీరపు విద్యార్థు లెందఱో ఆ దారినే పట్టణమునకు పోయి చదివికొనిరి. రాజధాని మదరాసే, పెద్ద కళాశాలలు మదరాసువే, పెద్దజబ్బు చేసినవానికి దిక్కును మదరాసే. ఈ కడపటి మాటను పాఠకులు మనసున నుంచుకొనవలెను. మరల దానికడకే వత్తుము.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియేటు ముగించినపిదప సుబ్బారావుగారి మనస్సు సన్న్యాసముపైకి పోయినది. రామకృష్ణమఠమున చేరగోరిరి. వైద్యవిద్య నభ్యసించి దీనులకు సేవచేయుట మేలని అచటివారు హితవు చెప్పిరి. అంతట మదరాసు వైద్యకళాశాలలో ప్రవేశించిరి. 1919 లో అనపర్తి వాస్తవ్యులు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారిని వివాహమాడిరి. మామగారి ద్రవ్యసాహాయ్యముననే వైద్యవిద్య సాగినది. గాంధీమహాత్ముని పిలుపు విని వారు శస్త్రచికిత్సాగారమునకు ఖద్దరు నిలువుటంగీతో పోవ నారంభించిరి. శస్త్రచికిత్సాచార్యుడగు బ్రాడ్‌ఫీల్డు దొరగారి కది రుచింపలేదు. ఫలితముగా చదువులో నెట్టి లోపమును లేకున్నను వారికి ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కక, దానికన్న తక్కువదగు ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రము మాత్రమే లభించినది. ఖద్దరుబట్టకు వారు చెల్లించిన వెల అది. మదరాసు ప్రభుత్వ వైద్యశాఖలో నుద్యోగమునకు యత్నించిరి, అదియు కాలేదు. తుదకు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రోపాధ్యాయులైరి.

ఇంతలో ఇంట పిడుగు పడినది. సోదరు లిద్దఱు కొలదిదినముల యెడముతో సంగ్రహణివ్యాధిచే మరణించిరి. మన దేశమున నీ వ్యాధిని పాశ్చాత్యవైద్యులు ఉష్ణమండల స్ప్రూ యందురు. తిన్న అన్నము ఒంటబట్టదు, విరేచనములు కట్టవు, నాలుక పుండగును, రక్తము పలుచబడి రోగి పాలిపోవును. సుబ్బారావుగారికిని ఆ జబ్బే సోకినది. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే వారు బ్రదికి బయటపడిరి. మందు పనిచేసినది, కాని ఏ పదార్థలోపముచే తన సోదరులు చనిపోయిరో, ఏ పదార్థము తన్ను కాపాడినదో ఆనాడు ఎవరును చెప్పజాలకుండిరి. ఆ తెలియనితనమే వారిని సముద్రముల కావలికి పంపినదని మేము తలంతుము.

మామగారి సాహాయ్యముతోను, కాకినాడ మల్లాడి సత్యలింగనాయకరు ధర్మనిధి తోడ్పాటుతోను వారు 1922 అక్టోబరు 26 వ తేదీన అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్యశాలలో చేరి డిప్లొమా పొందిరి. మన దేశపు వైద్యయోగ్యత అక్కడ చెల్లదు, విద్యార్థివేతనము లేదు. వైద్యుడయ్యును వారు రాత్రులయందు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడిగి పొట్టపోసికొనిరి. పని చిన్నదని వారు తలంచినట్లు లేదు. వారు ఇంటికడ నున్నపుడు గర్భవతియై యుండిన భార్యకు కలిగిన కుమారుడు శైశవముననే గతించెను. ఆ బిడ్డను వారు చూడనేలేదు. భార్యను సైతము మరల చూచు భాగ్యము వారికి లేకపోయినది.

హార్వర్డున సైరస్ ఫిస్కె యను జీవరసాయనాచార్యుని ప్రయోగశాలలో వారికి స్థానము లభించినది. ఇచటనే మన కథ అసలు దారికి వచ్చును. రక్తమునందును మూత్రమునందును భాస్వర మెంత కలదో స్వల్పప్రమాణములలో నిశ్చయముగా కొలుచుట యప్పటికి దుర్ఘటముగా నుండెను. ఫిస్కె, సుబ్బారావుగారలు 1925 లో దీనికొక సులభోపాయమును ప్రకటించిరి. ద్రావకముతో కలిపిన మాలిబ్డేటును పరీక్ష్యద్రవమునకు చేర్చి, తగిన మఱియొక రసాయనమును కలిపినచో నీలవర్ణము పుట్టును. భాస్వరమెంత యధికమో నీలమంత చిక్కన. ఆ రంగును తెలిసిన ప్రమాణముగల ద్రవపు రంగుతో సరిపోల్చి లెక్క చెప్పవచ్చును. వినుటకిది చిన్నసంగతి. కాని రోగియొక్క కొలదిచుక్కల రక్తమునుండి సంఖ్యను రాబట్టి వైద్యుని చేతిలో పెట్టుట యనగా ఊహను తొలగించి తూకమును నిలుపుట. ఈ పద్ధతి వారిరువురి పేరిట లోకమందలి ప్రయోగశాలలలో బహుకాలము వాడుకలో నుండెను. నేటికిని జీవరసాయనము చదువు బాలు రా జంటపేరు నెఱుగుదురు.

కొలత చేతికి వచ్చినంతనే క్రొత్తలోకము తెఱచుకొన్నది. కండరములలో భాస్వరము నీ పద్ధతిచే కొలుచుచుండగా లెక్కకు చిక్కని భాగ మొకటి కన్పట్టినది. దాని వెంటబడి 1927 లో ఫాస్ఫోక్రియాటినును, 1929 లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటును వారు వెల్లడించిరి. ఈ రెండవదానిని అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమాన్ స్వతంత్రముగా కనిపెట్టెను. మన దేహమున ప్రతికణమును తన పనికి వెచ్చించు శక్తి కిదియే చెల్లుబడి నాణెము. 1930 లో సుబ్బారావుగారు పి.హెచ్.డి. పట్టమందిరి. కాని ఇన్ని చేసినను హార్వర్డున వారికి స్థిరమైన ఆచార్యపదవి దొరకలేదు.

హార్వర్డుననే వారి దృష్టి రక్తమువైపు మరలినది. 1926 లో మైనట్, మర్ఫీ యను వైద్యులు, మృత్యుముఖమున నుండు ఒకవిధమగు పాండురోగులు పశువుల కాలేయమును తిని కోలుకొందురని నిరూపించిరి. ఆ కాలేయమున గల ఔషధమేది? సుబ్బారావుగారు దానిని వెదకువారిలో నొకరైరి. మన దేశముననే ఈ వెదకులాటకు వేఱొక కొస గలదు. లూసీ విల్స్ యను ఆంగ్లవనిత బొంబాయిలో గర్భవతులగు పేద స్త్రీల పాండురోగమును పరిశోధించి, ఈస్టుసారముచే నది నయమగునని 1931 లో ప్రకటించెను. ఆ సారమున నున్న పదార్థము పేరు అప్పటి కెవ్వరికిని తెలియదు. 1941 లో అమెరికా శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి దానిని వేఱుపఱచి, ఆకునకు సంబంధించిన యామ్లము గనుక ఫోలికామ్లమని పేరిడిరి.

1940 లో సుబ్బారావుగారు హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రమున పెరల్ రివర్ గ్రామమందలి లెడర్లీ ప్రయోగశాలలో చేరి, స్వల్పకాలములోనే పరిశోధనల కధిపతులైరి. వారి బృందము కాలేయమునుండి ఫోలికామ్లమును వేఱుచేసి, దాని కట్టుబడి నెఱిగి, 1945 లో దానిని కృత్రిమముగా నిర్మించినది. ఇందును కొలతయే దారి చూపినది. ఈ పదార్థము లేనిదే పెరుగని సూక్ష్మజీవులను పెంచి, అవి యెంత పెరిగినవో చూచి, ఏ సారమున నది యెంత గలదో నిర్ణయించిరి. గడ్డివామిలో సూది యెచట నున్నదో చెప్పు దీపమట్టిదే. ఫోలికామ్లము సంగ్రహణి రోగుల రక్తమును బాగుచేయునని త్వరలోనే వైద్యులు గ్రహించిరి. సోదరులను బలిగొన్న వ్యాధికి, వారు పోయిన పెక్కేండ్ల పిమ్మట, తమ్ముడును అన్నయు నైన యీ మహనీయుడే మందు నందించెను. ఇంతకుమించిన తర్పణ మేమి కలదు?

ఇచట పాఠకులు కొంచె మాగి, రక్తమునకు వచ్చు రాచపుండును గూర్చి నాలుగు మాటలు వినవలెను. తక్కిన రాచపుండులు గడ్డగానో పుండుగానో కంటికి కనబడును, చేతికి తగులును. ఇది యట్లు కాదు. ఎముకలలోని మూలుగయందు పుట్టి, రక్తముతో కలిసి దేహమంతట ప్రవహించును. రోగికి జ్వరము, నీరసము, పాలిపోవుట, చిగుళ్లనుండి నెత్తురు కారుట, ఎముకల నొప్పి. వీనిలో నొక్కటియు దానికే ప్రత్యేకించిన గుర్తు కాదు. నాడి పట్టిన తెలియదు. నాలుక చూచిన తెలియదు. ప్రయోగశాల లేకున్న నీ వ్యాధికి పేరే లేదు. 1845 లో జర్మనీయందు విర్కోయు, స్కాట్లండునందు బెన్నెట్టును మృతుల రక్తమున తెల్లకణముల వెల్లువను గమనించిరి. విర్కో దీనికి లుకేమియా, అనగా తెల్లనెత్తురు, అను పేరిడెను. పిమ్మట పాల్ ఎర్లిక్ గాజుపలకపై నెత్తుటిపొరను రంగులద్ది చూచు విద్యను నేర్పెను. ఏ కణము ముదురు, ఏ కణము లేత యని అప్పుడు తెలిసినది. 1927 లో రష్యాదేశపు అరింకిన్ రొమ్మెముకను సూదితో గ్రుచ్చి బ్రదికియున్న రోగి మూలుగనే తీసి చూచుట కుపాయము చెప్పెను. ఇంత జరిగినను ఈ విద్యయంతయు రోగము పేరు చెప్పుటకే గాని ప్రాణము నిలుపుటకు కాదు. లుకేమియా సోకిన పిల్లవాడు కొలది వారములలో, నెలలలో గతించుట నిశ్చయము. నిదానము కలదు, ఔషధము లేదు.

బోస్టను బాలవైద్యశాలలో సిడ్నీ ఫార్బరను వైద్యుడుండెను. ఆయన చికిత్సకుడుగా పెరిగినవాడు కాడు. మృతదేహములను, కణములను పరీక్షించి రోగమును నిర్ణయించు శాస్త్రమున నిపుణుడు. ఫోలికామ్లము పాండురోగుల మూలుగను బాగుచేయుచున్నది గదా, లుకేమియాలో నెట్లుండునో యని, సుబ్బారావుగారి బృందము తయారుచేసిన ఫోలికామ్లసంబంధులను రోగులగు బాలుర కిచ్చెను. మూలుగను పరీక్షింపగా, రోగము తగ్గుటకు మారుగా దౌడు తీసినట్లు కన్పట్టెను. మఱియొకడైన నిరాశతో పని విడిచియుండును. ఫార్బరు దీనిని తలక్రిందు చేసి యాలోచించెను. ఏ యాహారము రోగకణములను పెంచుచున్నదో దానిని వానికి దక్కకుండ చేసిన నేమి? సుబ్బారావుగారి బృందము అప్పటికే ఫోలికామ్లమును పోలియుండి దాని పనిని చెఱచు పదార్థములను నిర్మించుచుండెను. తాళమున దూరును గాని తిరుగని దొంగతాళపుచెవి వంటివవి. వానిలో అమినాప్టెరిన్ అనుదానిని 1947 చివర ఫార్బరు ప్రయోగించెను. 1948 జూనులో ఫలితములు వెలువడినవి. పదునాఱుగురు బాలురలో పదుగురికి గుణము కనిపించినది. ఆ గుణము తాత్కాలికమే. రోగము మరల తలయెత్తినది. కాని లుకేమియాను మందుచే వెనుకకు త్రోయవచ్చునని లోకము మొదటిసారి తెలిసికొన్నది.

ఈ ఘట్టమునందలి సారమును మేము మఱియొకమారు చెప్పదలచితిమి. ఒకే పదార్థము సంగ్రహణి రోగి కమృతము, లుకేమియా రోగికి కట్టెలపై నెయ్యి. ఆ యిద్దఱును చూచుట కొక్కతీరే: ఇద్దఱును పాలిపోయియుందురు, ఇద్దఱికిని ఆయాసమే, ఇద్దఱి రక్తకణములును తగ్గియుండవచ్చును. అంతేకాదు. ఫోలికామ్లముగాని బి12 విటమినుగాని కొఱవడినవాని మూలుగలో కణములు పెద్దవై, ముదురక, వికారముగా నుండి, అనుభవము చాలని పరీక్షకుని కన్నులకు లుకేమియావలె భ్రమ గొల్పుట కలదు. ఒకనికి కొలది దమ్మిడీల మాత్ర చాలును. ఇంకొకనికి సంవత్సరముల కఠినచికిత్స కావలెను. మఱియు బి12 లోపమున ఫోలికామ్లము నొక్కదానినే ఇచ్చినచో రక్తము బాగుపడినట్లే కనబడి, లోలోపల నరములు చెడిపోవుచుండును. కావున వీనిని విడదీసి చెప్పగలది గాజుపలకయు, దానిని చూడనేర్చిన కన్నును, రక్తమున విటమినులను కొలుచు పరీక్షలును మాత్రమే. సుబ్బారావుగారి రెండు కానుకలు, ఫోలికామ్లమును దాని విరోధియు, ఒకే పెట్టెలో నున్నవి. ఏది తీయవలెనో చెప్పునది పరీక్ష.

ఫార్బరు ఫలితములు వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టు నెలలో, సుబ్బారావుగారు న్యూయార్కు నందు నిద్రలో గుండె ఆగి మరణించిరి. వయస్సు 53 సంవత్సరములు. అప్పటికి వారి యాధిపత్యమున బోదకాలు క్రిములపై పనిచేయు హెట్రజానును, డాక్టరు డగ్గరు కనిపెట్టిన ఆరియోమైసినును వెలువడియుండెను. అమెరికా పౌరసత్వమును వారు స్వీకరింపలేదు. స్వతంత్రభారతమును కన్నులార చూడను లేదు. ప్రకటనలలో తన పేరు ముందుండవలెనని తాపత్రయపడినవారు కారు గనుక ఆ దేశమున పలువురికి వారెవరో తెలియదు. మన దేశమున 1995 లో శతజయంతి సందర్భమున తపాలాబిళ్ల వెలువడినది. అంతకుముందే ఒక శిలీంధ్రమునకు సుబ్బారోమైసీస్ అని శాస్త్రజ్ఞులు వారి పేరిడిరి.

వారు పోయినను వారి పని పోలేదు. అమినాప్టెరినునకు తోబుట్టువగు మెథోట్రెక్సేటు దానికన్న సురక్షితమని తేలి నిలిచినది. 1956 లో లీ, హెర్ట్జు అను వైద్యులు గర్భసంబంధమగు ఒక రాచపుండును కేవల మీ మందుచేతనే నయము చేసిరి. బాలుర లుకేమియాలో నది నేటికిని ప్రధానౌషధములలో నొకటి. కీళ్లవాతమునకు సైతము వాడుచున్నారు. పెద్దమోతాదున దీని నిచ్చునపుడు రక్తమున నెంత మిగిలియున్నదో గంటలను లెక్కించి కొలిచి, హద్దు మీఱినచో ఫోలికామ్లవర్గమునకే చెందిన ఫోలినికామ్లమునిచ్చి రోగిని కాపాడుదురు. విషము, విరుగుడు, కొలత, మూడును ఒకే యింటివి! మంచి వైద్యసౌకర్యములు గల దేశములలో నేడు లుకేమియా సోకిన బాలురలో పదింట ఎనిమిదిమందికి మించి బ్రదుకుచున్నారు. 1947 లో ఒక్కడును బ్రదికెడివాడు కాడు.

ఐతే లుకేమియా యను పేరొక్కటి చాలదని తరువాతి యేండ్లలో తెలిసినది. 1960 లో ఫిలడెల్ఫియా నగరమున నోవెల్, హంగర్‌ఫర్డు అనువారు ఒక జాతి లుకేమియా కణములలో పొట్టియైన క్రోమోజోము నొకదానిని చూచిరి. 1973 లో జానెట్ రౌలీ యను విదుషీమణి, అది రెండు క్రోమోజోముల తునకలు తారుమారైనందున కలుగుచున్నదని వివరించెను. ఆ లోపమునకే గుఱిపెట్టిన ఇమాటినిబ్ మాత్ర 2001 లో వాడుకలోనికి వచ్చినది. ఆ లోపము లేనివాని కా మాత్ర సాధారణముగా నిరర్థకము, కలవానికి జీవనాధారము. కణములపై నుండు గుర్తులను కాంతిచే లెక్కించు యంత్రములు, జన్యువులను చదువు పరీక్షలు పిమ్మట వచ్చినవి. ఒకనాటి లుకేమియా నేడు పెక్కు వ్యాధులుగా విడిపోయినది. ప్రతిదానికిని చికిత్స వేఱు. వృద్ధుల నడుమునొప్పి వెనుక దాగియుండు మైలోమా యను మూలుగరోగమును పట్టుటకు రక్తమూత్రములలోని మాంసకృత్తులను విడదీసి చూచు పరీక్ష కావలెను. ఔషధశాస్త్రము ముందునకు పోయినకొలది నిదానము పైనే భార మెక్కువగుచున్నది.

ఇప్పుడు మా బోగోలునకు వత్తము. ఇచట సముద్రతీరమున జువ్వలదిన్నె మత్స్యకారులు గలరు. పొలములలో కూలీలు గలరు. రైలుబండ్ల నమ్మి బ్రదికిన బిట్రగుంట కుటుంబములు గలవు. ఇట్టి యింట నొక పిల్లవానికి జ్వరము వచ్చి వదలదనుకొందము. మొదట మలేరియా యందురు, పిదప టైఫాయిడందురు. ప్లేట్‌లెట్లు తగ్గినచో డెంగ్యూ యందురు. పాలిపోయినచో ఇనుపమాత్ర లిత్తురు. ఇందు మోసమేమియు లేదు. నూటికి తొంబదిమందికి పైగా అట్టి జబ్బులే. ఆ మిగిలిన యొక్కనిని పట్టుటయే కష్టము. కణములను లెక్కించు యంత్రము నేడు చిన్నపట్టణములలోను గలదు. కాని అది కణములను లెక్కించినంత బాగుగా గుర్తింపలేదు. లుకేమియా లేతకణములను మామూలు తెల్లకణముల ఖాతాలో వ్రాయుట కలదు. కొన్ని లుకేమియాలలో తెల్లకణములు పెరుగక తఱిగియే యుండును. నెత్తుటిబొట్టున రోగకణమే కానరాదు. మూలుగను చూచిననే గాని తెలియదు. అంతట ఆ కుటుంబము సుబ్బారావుగారు పోయిన దారినే, అదే రైలెక్కి, మదరాసునకు పోవును. నూఱేండ్లు గడచినవి, ఊరి పేరు చెన్నై యైనది, దారి మాత్రము మారలేదు.

చెన్నైలో 1954 లో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు స్థాపించిన అడయారు క్యాన్సరు సంస్థ, వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాల వంటివి మన జనుల కెంతో మేలు చేసినవి, చేయుచున్నవి. వాని గొప్పతనమును మేము తగ్గింపము. కాని అనుమానము పుట్టుటకును అడయారునకే పోవలెనన్న రోజులు జరిగిపోవును. ఆ రోజులే ప్రాణము. కొన్ని లుకేమియాలలో మెదడున నెత్తురు కారి రోగి గంటలలో పోవును. కావున అనుమానము ఊరిలోనే పుట్టవలెను. నిశ్చయము నగరమున జరుగవచ్చును.

ఇందులకు కోట్ల ధనము అక్కఱలేదు. పదిదినములు దాటిన జ్వరమో, కారణము తెలియని నెత్తుటి మచ్చలో, గడ్డలో ఉన్నచో యంత్రపు లెక్కతో తృప్తినొందక గాజుపలకపై రంగులద్దిన నెత్తుటిపొరను శిక్షితుడొకడు కన్నులతో చూడవలెను. నెత్తురు తీసిన కొలదిగంటలలోనే ఆ పొరను తయారుచేయవలెను. సీసాలో నిలువయుంచి బస్సులో ఎండకు పంపిన నెత్తురున కణములు చెడి అబద్ధము చెప్పును. పలక చిత్రమును దూరమున నున్న నిపుణునికి క్షణములో పంపు సాధనము నేడు ప్రతివాని జేబులోను గలదు. నిదానము తేలకమునుపే స్టిరాయిడు మాత్రల నీయరాదు. అవి జ్వరమును దింపి, లుకేమియాను కొంతకాలము కప్పిపుచ్చి, పిదప చేయు పరీక్షలను తారుమారు చేయును. మూలుగపరీక్ష యన్న వెన్ను విఱుగునని జనులలో నున్న భయమును వైద్యులు ఓర్పుతో పోగొట్టవలెను. సాధారణముగా నది తుంటియెముకనుండి, మత్తుసూది యిచ్చి చేయు స్వల్పకార్యము. చికిత్సకు ధన మిచ్చు పథకములు చికిత్సకు ముందు జరుగు పరీక్షల ఖర్చునుకూడ తమవిగా నెంచవలెను. పేరు తెలియని రోగమునకు ఏ పథకమును వర్తింపదు గదా!

కళాశాలలలో సూక్ష్మదర్శిని ముందు కూర్చుండు యువకులను మేము ప్రత్యేకముగా ప్రార్థించుచున్నాము. రోగి మీ ముఖము చూడడు. మీ పేరు నడుగడు. కృతజ్ఞత చెప్పిన వైద్యునికే చెప్పును. పెరల్ రివరులో పనిచేసిన ఆంధ్రునికిని ఇట్లే జరిగినది. అతని మందుచే బ్రదికిన లక్షలమందిలో అతని పేరు నెఱిగినవారు స్వల్పము. అయినను ఆ నీలవర్ణపు గాజుగొట్టము ముందు నిలిచి, సంఖ్య సరియైనదని నిశ్చయమగువఱకు కదలని యా దీక్షయే తరువాతి మేలంతటికిని పునాది.

తెలుగువాడు మందు నిచ్చెను. ఆ మందు తెలుగుబిడ్డకు సకాలమున చేరుటకు కావలసినది రోగము పేరు. సుబ్బారావుగారి విగ్రహములకు పూలమాలలు వేయుట మంచిదే. కాని కావలివంటి ప్రతి పట్టణమునను నెత్తుటిపొరను చదువనేర్చిన యొక్క మనిషిని నిలుపుట అంతకన్న మంచి స్మారకచిహ్నము. బోగోలు బిడ్డ రైలెక్కునపుడు, తన రోగమేదో అనుమానించిన చీటీ యొకటి చేతనుండిన చాలును. ఆ చీటీ వ్రాయువారు మన పట్టణములలో పుట్టుదురుగాక యని మా యాకాంక్ష.